రాపూరు ఘాట్‌లో లోడు లారీని దించే పద్ధతి: గేరు, బ్రేకుల గురించి సలహా కావాలి

పెన్నా ఒడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది పొదలకూరు దగ్గర ఒక పల్లె. ఇంతవరకు నేను తోలిన కిరాయిలన్నీ చెన్నై–కోల్‌కతా రహదారి మీదివే. చీమకుర్తి గ్రానైటు, కృష్ణపట్నం బొగ్గు, ఎరువులు, ఇలా అన్నీ చదునుగా సాగిపోయే దారులు. ఇప్పుడు మంగంపేట ముగ్గురాయిని (బెరైటీస్ ఖనిజాన్ని) కృష్ణపట్నం రేవుకు చేర్చే పని కుదిరింది. చిట్వేలు దాటాక వెలిగొండలు ఎక్కి రాపూరు వైపు దిగవలసి ఉంటుంది. బండి పది టైర్లది, బి.ఎస్.6 ఇంజను. ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ పోయే దారిని మూసి, ఇంజను చేతనే బండిని పట్టి ఉంచేది) ఉంది, గేర్లు చేత్తో మార్చుకునేవే.

నాకు తెలియవలసింది లోడుతో దిగే పద్ధతి. అడిగిన ప్రతివారూ ఒక్కో మాట చెబుతున్నారు. ‘ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు’ అని ఒకరు, ‘బ్రేకు మీద సన్నగా కాలు ఆనించి ఉంచితే బండి అదుపులో ఉంటుంది’ అని మరొకరు, ‘వాలు తక్కువగా ఉన్నచోట న్యూట్రల్ చేస్తే డీజిలు కలిసివస్తుంది’ అని ఇంకొకరు. కిందికి దిగాక బ్రేకు డ్రమ్ముల మీద నీళ్లు పోయాలని చెప్పినవారూ ఉన్నారు. వీటిలో ఏది నిజమో, ఏది అలవాటు కొద్దీ చెప్పే మాటో కారణంతో సహా వివరిస్తే మేలు చేసినవారవుతారు.

నల్లమల దారి

మీరు రాసిన నాలుగింటిలో మొదటిది సగం నిజం, రెండోది ప్రమాదం, మూడోది అంతకన్నా ప్రమాదం. నాలుగోదాని సంగతి మెకానిక్ అన్నగారు ఎవరైనా చెబితే బాగుంటుంది. నేను గిద్దలూరు–నంద్యాల దారిలో, దిగువమెట్టకూ గాజులపల్లెకూ మధ్య నల్లమల దాటే ఘాట్‌లో లోడు బండ్లు తోలేవాడిని. రాపూరు ఘాట్ కూడా తెలిసినదే.

అన్నిటికన్నా ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. ఘాట్‌లో బండి ఎంత వేగంతో దిగుతుందన్నది వాలు మొదలుకాక ముందే తేలిపోవాలి. పైన చదునుగా ఉన్నచోట వేగం బాగా తగ్గించి, దిగవలసిన గేరు అక్కడే వేసుకుని, ఎగ్జాస్ట్ బ్రేకు స్విచ్చి వేసి, ఆ తర్వాతనే వాలులోకి ముక్కు పెట్టాలి. సగం దూరం దిగాక ‘వేగం ఎక్కువైంది, గేరు తగ్గిద్దాం’ అనుకుంటే అప్పటికే ఆలస్యమైనట్టు. బరువు వెనక నుంచి తోస్తున్నప్పుడు క్లచ్చి తొక్కి గేరు తీస్తే, చక్రాల వేగానికీ ఇంజను వేగానికీ పొత్తు కుదరక కింది గేరు పడదు. తీసిన పాత గేరు కూడా మళ్లీ పడకపోవచ్చు. అప్పుడు ఇంజను పట్టు పూర్తిగా పోయి, భారమంతా కాలి బ్రేకు మీదనే పడుతుంది. క్లచ్చి తొక్కిన క్షణం నుంచి ఎగ్జాస్ట్ బ్రేకు కూడా పనిచేయదని గుర్తుంచుకోండి.

‘ఎక్కిన గేరులోనే దిగు’ అన్న మాట పాత బండ్ల కాలంలో పుట్టింది. అప్పటి ఇంజన్ల బలం తక్కువ కాబట్టి, లోడుతో ఎక్కడానికి ఎలాగూ రెండో గేరో, మూడో గేరో వేయక తప్పేది కాదు. దిగేటప్పుడు అదే గేరు సరిపోయేది. ఇప్పటి ఇంజన్లు అదే ఎత్తును పై గేరులో సునాయాసంగా ఎక్కేస్తున్నాయి. ఎక్కే బలం పెరిగిన మేరకు పట్టి ఆపే బలం పెరగలేదు. అందువల్ల ఎక్కిన గేరు కన్నా కనీసం ఒక గేరు తగ్గించి దిగడం మంచిది. ముగ్గురాయి లోడైతే నేను రెండో గేరు దాటను. వెనక హారన్లు మోగుతాయి, కార్లవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. వెడల్పున్న చోట పక్కకు తీసి వాళ్లకు దారి ఇవ్వండి, గేరు మాత్రం మార్చకండి.

గేరు సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసి, ఎగ్జాస్ట్ బ్రేకు వేసి ఉంచినప్పుడు, వాలులో బండి వేగం దాదాపు నిలకడగా ఉండాలి, పెరిగినా చాలా నెమ్మదిగా పెరగాలి. టాకోమీటరులో ఇంజను తిరిగే వేగం ఎక్కువగానే ఉంటుంది, ఎగ్జాస్ట్ బ్రేకుకు పట్టు దొరికేది అక్కడే. కానీ ముల్లు ఎర్ర గీతలోకి పోకూడదు. డీజిలు ఇచ్చి తిప్పుతున్నప్పుడైతే ఇంజను గీత దాటకుండా కంప్యూటరు ఆపగలదు. దిగేటప్పుడు ఇంజనును తిప్పేది చక్రాలు కాబట్టి, డీజిలు పూర్తిగా ఆపేసినా ఆ వేగం తగ్గదు. వాల్వులు దెబ్బతినేది అలాంటప్పుడే.

ఇక కాలి బ్రేకు. ఆ వాలుకు 25 కిలోమీటర్లు మించకూడదని మీరు అనుకున్నారనుకోండి. ముల్లు 25 దగ్గరికి రాగానే, బండి తగ్గినట్టు ఒంటికి తెలిసేంత గట్టిగా తొక్కి, మూడు సెకన్లలో 17 దగ్గరికి తెచ్చి, పూర్తిగా వదిలేయండి. మళ్లీ 25 అయ్యేవరకు బ్రేకు జోలికి పోవద్దు. అమెరికాలో భారీ వాహనాల లైసెన్సుకు చదివించే మాన్యువల్‌లోనూ ఇదే పద్ధతి ఉంటుంది. అక్కడి ఉదాహరణలో వేగాన్ని గంటకు 40 మైళ్ల నుంచి 35కు తెచ్చి వదలమంటారు. మన ఘాట్లలో లోడు బండికి ఆ వేగం ఊహించనే కూడదు, కానీ లెక్క ఒకటే. అయితే ఇదంతా తక్కువ గేరుకూ ఎగ్జాస్ట్ బ్రేకుకూ తోడుగా చేసే పని. అవి లేకుండా ఇదొక్కటే నమ్ముకుని దిగడానికి లేదు.

ఎదురుగా ఎక్కివచ్చే లోడు బండి కనిపిస్తే, ఇరుకు చోట దిగేవారే ఆగి దారి ఇవ్వాలి. రోడ్డు నియమాలు చెప్పేది అదే. వాలులో ఆగిపోయిన లోడు బండిని మళ్లీ ఎక్కించడం ఎంత కష్టమో తోలేవారికి వేరే చెప్పనక్కర్లేదు.

ఆటోనగర్ మెకానిక్

నల్లమల దారి గారు చెప్పిన పద్ధతి సరైనది. అది ఎందుకు సరైనదో, సన్నగా కాలు ఆనించడం ఎందుకు తప్పో బ్రేకుల వైపు నుంచి చెబుతాను.

పది టైర్ల బండికి మూడు ఇరుసులు, ఆరు డ్రమ్ములు. చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె డ్రమ్ము. దాని లోపల షూలు విచ్చుకుని, వాటికి అతికించిన లైనర్లు డ్రమ్మును రాసుకుంటేనే బండి తగ్గుతుంది. పెడల్ తొక్కితే గాలి ఆరు బూస్టర్లకూ (గాలి ఒత్తిడితో రాడ్డును తోసి బ్రేకు వేసే డబ్బాలకు) వెళుతుంది కానీ, ఆరూ ఒకే ఒత్తిడి దగ్గర పట్టుకోవు. ఒకదానిలో రిటర్న్ స్ప్రింగు గట్టిగా ఉంటుంది, మరొకదానిలో షూలను విప్పే క్యామ్ తిరిగే బుష్ బిగుసుకుని ఉంటుంది, ఇంకొకదాని లైనర్లు అరిగి దూరంగా ఉంటాయి. కాలు సన్నగా ఆనించినప్పుడు వెళ్లే కొద్దిపాటి గాలికి ముందుగా పట్టుకునే రెండు మూడు డ్రమ్ములే లోపల షూలు విప్పుకుంటాయి. మిగిలినవి ఊరికే తిరుగుతూ ఉంటాయి. అంటే ఆరు డ్రమ్ములు పంచుకోవలసిన వేడిని రెండు మూడు డ్రమ్ములే మోస్తాయి, అది కూడా చల్లారే విరామం లేకుండా. గట్టిగా తొక్కి వదిలేటప్పుడు ఆరూ పట్టుకుంటాయి, ఆ తర్వాత ఆరూ చల్లారుతాయి.

డ్రమ్ము వేడెక్కితే జరిగేది ఇది. ఇనుము వ్యాకోచించి డ్రమ్ము చుట్టుకొలత పెరుగుతుంది, కాబట్టి లోపలి షూలు మరింత దూరం జరిగితే తప్ప దాన్ని అందుకోలేవు. బూస్టరు లోపలి రాడ్డు అంతకంత ఎక్కువ బయటికి రావాలి. దానికి ఒక హద్దు ఉంది, ఆ హద్దు చేరాక ఎంత గాలి పంపినా షూ మీద బలం పెరగదు. ఇదే సమయంలో లైనరు పదార్థం కూడా వేడికి తన పట్టు కోల్పోతుంది. మరీ వేడెక్కితే దాని ముఖం అద్దంలా నునుపెక్కి, చల్లారిన తర్వాత కూడా పాత పట్టు రాదు.

ఇందులో మోసం ఏమిటంటే, ఎయిర్ బ్రేకు పెడల్ కాలికి ఏ సంగతీ చెప్పదు. కారులో ఆయిల్ బ్రేకు బలహీనపడితే పెడల్ మెత్తబడో, కిందికి దిగిపోయో తెలుస్తుంది. లారీలో డ్రమ్ము ఎంత కాగినా పెడల్ ఎప్పటిలాగే ఉంటుంది. గుర్తు పట్టవలసినది ఒక్కటే, ఇందాక తొక్కినంతే తొక్కితే బండి ఇందాకటంత తగ్గుతోందా లేదా అన్నది. తగ్గడం లేదనిపిస్తే అప్పటికే ఆలస్యం మొదలైంది.

ఇంకొక మాట, ఇది మన వైపు యజమానులు చాలామంది పట్టించుకోరు. డ్రమ్ము లోపల గాడులు పడితే లేత్‌లో కోయించి మళ్లీ బిగిస్తారు. ఒకసారి వరకు ఫరవాలేదు. కంపెనీ ఇచ్చిన హద్దు దాటి కోయిస్తూ పోతే డ్రమ్ము పలచబడుతుంది. పలచని డ్రమ్ములో వేడిని నిలుపుకునే ఇనుము తక్కువ కాబట్టి త్వరగా కాగుతుంది, త్వరగా పగుళ్లిస్తుంది. చదును రోడ్ల మీద ఆ తేడా కనిపించదు. ఘాట్ దిగిననాడు కనిపిస్తుంది. అలాగే ఒక ఇరుసులో ఒకవైపు లైనర్లు మాత్రమే మార్చడం, రెండువైపులా వేర్వేరు రకాల లైనర్లు వేయడం చేయకండి. బ్రేకు ఒక పక్కకు లాగుతుంది. హబ్ సీలు కారి గ్రీజు లైనరుకు తగిలిందేమో కూడా చూపించండి.

ఘాట్‌కు ముందు చేయవలసిన పరీక్ష పెద్ద పనేమీ కాదు. చక్రాలకు చెక్కలు పెట్టి, బ్రేకులన్నీ వదిలి, ఒక్కో స్లాక్ అడ్జస్టరును (బూస్టరు రాడ్డును క్యామ్‌కు కలిపే చేయిని) చేత్తో గట్టిగా లాగి చూడండి. రాడ్డు కలిసే చోట సుమారు ఒక అంగుళం మించి కదిలితే సర్దుబాటు కావాలి. తర్వాత గాలి పూర్తిగా నింపి, ఇంజను ఆపి, పెడల్ గట్టిగా తొక్కిపట్టి నిమిషం పాటు గాలి ఒత్తిడి ముల్లు చూడండి. మొదట ఒక్కసారిగా పడేది సహజం. ఆ తర్వాతి నిమిషంలో 0.2 బార్ కన్నా ఎక్కువ పడితే ఎక్కడో గాలి పోతున్నట్టు. ఆ బండిని ఘాట్ ఎక్కించకండి.

నీళ్ల సంగతి: కాగిన పోత ఇనుము మీద చన్నీళ్లు పోస్తే పైపొర ఒక్కసారిగా ముడుచుకుని లోపలి పొర అలాగే ఉంటుంది. డ్రమ్ము పగులుతుంది. పగులు ఆ రోజే కనిపించాలని లేదు. నీళ్లు వద్దు, గాలే చాలు.

ఒంగోలు మాస్టారు

నేను లారీ తోలేవాడిని కాను, భౌతిక శాస్త్రం చెప్పేవాడిని. పైన ఇద్దరూ అనుభవంతో చెప్పినదాన్ని అంకెల్లో చూస్తే విషయం మరింత స్పష్టంగా కనిపిస్తుందని ఈ నాలుగు మాటలు.

పది టైర్ల లారీకి 2018లో సవరించిన లెక్క ప్రకారం మొత్తం బరువు 28.5 టన్నుల వరకు ఉండవచ్చు. ఆ బండి 300 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందనుకుందాం. రాపూరు ఘాట్ ఎత్తు ఇంతేనని నేను అనడం లేదు, ఇది లెక్క కోసం తీసుకున్న అంకె. దిగే క్రమంలో బండి వదులుకోవలసిన శక్తి సుమారు 84 మెగాజౌళ్లు. ఇది దాదాపు 280 లీటర్ల నీటిని, అంటే ఒక పెద్ద డ్రమ్ము నిండా ఉన్న నీటి కన్నా ఎక్కువ నీటిని, మామూలు వేడి నుంచి మరిగేదాకా కాచడానికి పట్టే శక్తి. అదే బండిని చదును రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపడానికి పట్టేది 4 మెగాజౌళ్ల లోపే. కాబట్టి ఈ దిగుడు మొత్తాన్నీ కాలి బ్రేకుతోనే దిగడమంటే, 60 నుంచి సున్నాకు ఇరవై సార్లకు పైగా వెంటవెంటనే ఆపినట్టు. చదును దారిలో సంవత్సరాల తరబడి నమ్మకంగా పనిచేసిన బ్రేకులు ఘాట్‌లో ఎందుకు మాట తప్పుతాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఆ వేడి ఎక్కడికి పోతుందో చూద్దాం. ఒక్కో డ్రమ్ము 50 కిలోలనుకుంటే ఆరూ కలిసి 300 కిలోల ఇనుము. 84 మెగాజౌళ్లూ అందులోకే చేరి, ఏమీ బయటికి పోకపోతే, ఆ ఇనుము వేడి సుమారు 600 డిగ్రీలు పెరుగుతుంది. నిజానికి కొంత గాలికి పోతుంది, టైర్ల రాపిడి కొంత మింగుతుంది. కానీ మెకానిక్ గారు చెప్పినట్టు మూడు డ్రమ్ములే పనిచేస్తుంటే వాటి వాటా రెట్టింపవుతుంది కదా.

రెండో లెక్క గేరుకు సంబంధించినది. 6 శాతం వాలులో, అంటే నూరు మీటర్లు ముందుకు పోతే ఆరు మీటర్లు దిగే చోట, ఈ బండిని 30 కిలోమీటర్ల వేగంతో నిలకడగా దించాలంటే సుమారు 140 కిలోవాట్ల చొప్పున, అంటే దాదాపు 190 హార్స్‌పవర్ చొప్పున శక్తిని ఎక్కడో ఖర్చు చేయాలి. 15 కిలోమీటర్ల వేగంతో దిగితే అందులో సరిగ్గా సగం చాలు. మొత్తం శక్తి మారదు, కానీ రెట్టింపు సమయం దొరుకుతుంది. ఇంజనూ ఎగ్జాస్ట్ బ్రేకూ కలిసి మోయగలిగే హద్దులోకి ఆ భారం వచ్చేది నెమ్మదిగా దిగినప్పుడే. ఇంజను మోసిన వేడి పొగగొట్టం ద్వారా, రేడియేటరు ద్వారా బయటికి పోతుంది. అది ఎంతసేపు మోసినా అలసిపోదు. డ్రమ్ము అలా కాదు, దానికి చేరిన వేడి దానిలోనే నిలవ పడుతుంది.

కొండ ప్రాంతాల రోడ్లకు, రోడ్ల ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మామూలుగా 5 శాతం, తప్పనిసరైన చోట 6, అసాధారణమైన చోట 7 శాతం వాలు వరకు ఒప్పుకుంటుంది. మరీ నిటారైన కొండల్లో ఒక్కో శాతం ఎక్కువ. రైళ్ల ఇనుప చక్రాలకు ఇవేవీ పనికిరావు కాబట్టే ఓబులవారిపల్లె–కృష్ణపట్నం రైలు మార్గాన్ని ఇవే వెలిగొండల కింద సొరంగాలు తొలిచి తీసుకువెళ్లారు. 2019లో ప్రారంభమైన పెద్ద సొరంగం పొడవు ఆరున్నర కిలోమీటర్లకు పైనే.

ముగ్గురాయి గురించి కూడా ఒక మాట. దాని సాంద్రత నీటికి నాలుగు రెట్ల పైమాటే, గ్రానైటు 2.7 రెట్లే. మీ కళ్లు గ్రానైటుకూ బొగ్గుకూ అలవాటు పడ్డాయి. బాడీలో సగం కూడా నిండలేదనిపించినా బరువు హద్దు దాటి ఉండవచ్చు. కంటి అంచనా మీద కాక కాటా చీటీ మీద ఆధారపడండి. రెండు టన్నులు ఎక్కువైతే పై లెక్కలన్నీ నూటికి ఏడు చొప్పున పెరుగుతాయి.

డీజిల్ లెక్క

నాకు మూడు బండ్లు ఉన్నాయి, డ్రైవర్లు తోలుతారు. న్యూట్రల్ గురించి ఇక్కడ అందరూ భయపెడుతున్నారు కానీ, కిరాయి రేట్లు చూస్తే డీజిలు మిగిలితేనే యజమానికి నాలుగు రూపాయలు. నిటారుగా ఉన్నచోట కాకపోయినా, చివరి రెండు మూడు కిలోమీటర్లు వాలు తేలికగా ఉన్నచోట న్యూట్రల్ చేస్తే నష్టం ఏమిటి? పాతవాళ్లందరూ చేసిందే కదా.

నల్లమల దారి

అయ్యా, మీ లెక్క పాత పంపు ఇంజన్లకు కొంతవరకు చెల్లుతుందేమో. డీజిలును కంప్యూటరు కొలిచి పంపే ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో గేరు వేసి, యాక్సిలరేటరు వదిలేసి దిగుతుంటే, ఇంజను తిరుగుతూనే ఉన్నా కంప్యూటరు డీజిలు చుక్క కూడా లోపలికి పోనివ్వదు. న్యూట్రల్ చేస్తే ఇంజను ఆగిపోకుండా ఉండడానికి డీజిలు కాల్చుకోవలసి వస్తుంది. అంటే మీ డ్రైవరు న్యూట్రల్ చేసిన ప్రతిసారీ మీ డీజిలు ఖర్చవుతోంది, మిగలడం లేదు.

తేలిక వాలు అన్న మాటకు కూడా నేను ఒప్పుకోను. ఘాట్ చివర్లో డ్రమ్ములు బాగా కాగి ఉంటాయి. అప్పటికే సగం పట్టు పోయిన బ్రేకులతో, ఇంజను తోడు లేకుండా, ఊరి మొదట్లో మేకల మందో, మోటారుసైకిలో అడ్డం వచ్చే చోట బండి వేగం పుంజుకుంటుంది. తాళం తిప్పి ఇంజనే ఆపేసే వారిని కూడా చూశాను. బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ ఆగిపోయి ట్యాంకులో ఉన్న గాలి ఒక్కటే మిగులుతుంది, తొక్కినకొద్దీ అదీ తగ్గిపోతుంది. పవర్ స్టీరింగు కూడా రాయిలా బిగుసుకుంటుంది. డ్రైవరు జీతం నుంచి డీజిలు కోసే పద్ధతి ఉన్న చోటనే ఈ అలవాటు ఎక్కువ. ఆ షరతు పెట్టకుండా ఉంటే సగం సమస్య తీరుతుంది.

పెన్నా ఒడ్డు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మాస్టారి లెక్క చూశాక కాటా చీటీ విషయంలో నా ఆలోచన మారింది. ఇంకొక రెండు సందేహాలు ఉన్నాయి. ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు చిట్వేలు వైపు దిగాలి, అందులోనూ అక్టోబరు, నవంబరు నెలల్లో మనకు వానలు. తడి రోడ్డు మీద ఖాళీ బండికి కూడా ఇదే పద్ధతా? రెండోది, అన్నీ సరిగ్గా చేసినా సగం ఘాట్‌లో బ్రేకు కాలిన వాసన వస్తే ఏం చేయాలి? మా బండికి ఉన్నవి వాటంతట అవే బిగుసుకునే స్లాక్ అడ్జస్టర్లు. వాటిని కూడా చేత్తో సర్దవచ్చా?

కృష్ణపట్నం ట్రైలర్

తడి రోడ్డు సంగతి నేను చెబుతాను. ఎగ్జాస్ట్ బ్రేకు పట్టు ఇంజను తిప్పే వెనక చక్రాల మీద మాత్రమే పడుతుంది. లోడు ఉన్నప్పుడు ఆ చక్రాలు రోడ్డుకు గట్టిగా అదిమి ఉంటాయి. ఖాళీ బండిలో వాటి మీద బరువు ఉండదు. వానలో, మలుపు మధ్యలో ఎగ్జాస్ట్ బ్రేకు ఒక్కసారిగా పట్టుకుంటే వెనక భాగం పక్కకు జారుతుంది. మా ట్రైలరు బండ్లలో ఇది ఇంకా ప్రమాదం. ముందున్న హార్స్ (ట్రైలరును లాగే బండి) వెనక చక్రాలు జారితే ట్రైలరు దాన్ని పక్కకు తోసి, బండి రెండుగా మడిచినట్టు అడ్డం తిరుగుతుంది. కాబట్టి ఖాళీగా, తడిలో దిగేటప్పుడు తక్కువ గేరు మాత్రం అలాగే ఉంచి, ఎగ్జాస్ట్ బ్రేకును తిన్నగా ఉన్నచోట మాత్రమే వాడండి, మలుపుకు ముందే స్విచ్చి తీసేయండి. వేగం మలుపులో కాదు, మలుపుకు ముందే తగ్గాలి. చాలా రోజులకు పడిన మొదటి వాన చినుకుల్లో రోడ్డు మీది ఆయిలు, దుమ్ము కలిసి ఎక్కువ జారుతుంది. జోరు వాన కన్నా అప్పుడే నాకు భయం.

వాసన విషయానికి వస్తే, బండి మాట వింటున్నప్పుడే ఆపేయాలి, ‘ఇంకొక రెండు మలుపులే కదా’ అని లాగకూడదు. వెడల్పుగా, వీలైనంత చదునుగా ఉన్నచోట కొండ వైపు చేర్చి ఆపండి. గేరు వేసి ఉంచి, క్లీనరు చేత చక్రాలకు చెక్కలు పెట్టించండి. వెనక వచ్చేవారికి కనబడేటట్టు మలుపుకు అవతల గుర్తు పెట్టండి. తర్వాత అన్ని చక్రాల దగ్గరికీ అరచేయి తీసుకెళ్లి, తాకకుండానే, ఏది ఎక్కువ సెగ కొడుతోందో చూడండి. ఒకటే కాగితే ఆ చక్రం బ్రేకు వదలకుండా పట్టుకుని ఉందన్నమాట. అన్నీ ఒకేలా కాగితే మీ వేగం ఎక్కువ. డ్రమ్ము వేడి రిమ్ముకూ, రిమ్ము నుంచి టైరుకూ పాకుతుంది. ఆగిన పావుగంట తర్వాత టైరు అంటుకున్న సందర్భాలు ఉన్నాయి కాబట్టి బండి వదిలి దూరంగా టీ తాగడానికి వెళ్లకండి.

బ్రేకులు పూర్తిగా వదిలేసిన పరిస్థితి వస్తే, హ్యాండ్ బ్రేకు కాపాడుతుందని లెక్క వేసుకోవద్దు. అది పట్టుకునేది కూడా ఆ కాగిన వెనక డ్రమ్ములనే. దాన్ని లాగుతూనే హారను, లైట్లు వేస్తూ, లోయ వైపు కాకుండా కొండ వైపు మట్టి గట్టుకు బండి పక్క భాగాన్ని రాపిడి చేస్తూ ఆపడానికే చూడాలి. బాడీ పోతుంది, పోనివ్వండి. వేగం ఇంకా పెరగక ముందు తీసుకోవలసిన నిర్ణయం ఇది.

ఆటోనగర్ మెకానిక్

ట్రైలర్ అన్నగారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. డ్రమ్ములు బాగా కాగి ఉన్నప్పుడు హ్యాండ్ బ్రేకు వేసి గంటల తరబడి నిలపకండి. చల్లారేకొద్దీ డ్రమ్ము ముడుచుకుని, బిగిసి ఉన్న షూల మీద పడి, ఆకారం చెడడమో పగలడమో జరుగుతుంది. కొన్నిసార్లు షూ డ్రమ్ముకు పట్టుకుపోయి బండి కదలను అంటుంది. చెక్కల మీద నిలిపి చల్లారాకే హ్యాండ్ బ్రేకు వేయండి. చెక్కలు నమ్మదగినవిగా ఉండాలన్నది వేరే చెప్పక్కర్లేదు. రోడ్డు పక్క రాయిని అడ్డం పెట్టి సరిపుచ్చుకోవద్దు, తీయడం మరిచిన రాయి వెనక వచ్చే మోటారుసైకిలు వారికి ప్రాణాంతకం.

మీ స్లాక్ అడ్జస్టర్ల ప్రశ్నకు జవాబు: వాటంతట అవే బిగుసుకునేవాటిని చేత్తో బిగించడం జబ్బును దాచడమే. అవి సరిగ్గా ఉంటే రాడ్డు దూరం పెరగనే పెరగదు. పెరిగిందంటే అడ్జస్టరు లోపలి పళ్లు పోయి ఉండాలి, లేదా రాడ్డును అడ్జస్టరుకు కలిపే క్లెవిస్ పిన్నో, క్యామ్ బుష్షో అరిగి ఉండాలి, లేదా మొదట్లో బిగించినప్పుడే కోణం తప్పి ఉండాలి. చేత్తో బిగిస్తే రెండు రోజులు బాగున్నట్టు కనిపించి మళ్లీ సడలుతుంది. ఆ రెండు రోజుల్లో ఒకటి ఘాట్‌లో పడవచ్చు. కారణం చూపించి, పోయిన భాగాన్ని ఇరుసుకు రెండువైపులా ఒకేసారి మార్పించండి. గ్రీజు మాత్రం వాటికీ వేళకు పట్టించాలి. ఆటోమేటిక్ కదా అని చాలామంది గ్రీజు ఎక్కించే నిప్పిళ్లను మూసిన మట్టి కూడా తీయరు. బండిని మొదటి లోడుకు పంపే ముందు ఒకసారి ఆరు డ్రమ్ములూ విప్పించి చూపించుకోండి, ఒక పూట పని అవుతుంది.